చంద్రుడి ఫొటోలు: పిక్సెల్ కన్నా ముందు ఎండ చూడండి

పున్నమి చంద్రుడు కంటికి ఇంపే. అక్కడి ఎగుడుదిగుళ్లు తెలియాలంటే మాత్రం ఆ వెలుగు పనికిరాదు. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడలు పడవు, బిలాలన్నీ చదునుగా కనిపిస్తాయి. ఈ ఫొటోల ఆర్కైవులను కొన్నేళ్లుగా వాడుతున్నవాడిగా నేను మొదట చెప్పేది ఇదే: ఎండ ఏ వాలున పడిందో చూసుకున్నాకే రిజల్యూషన్ సంగతి.

గుంటూరులో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో ఎక్కువగా తెరిచేది క్విక్‌మ్యాప్ అనే చంద్రుడి మ్యాప్ సైటు. నాసా 2009లో పంపిన లూనార్ రికానిసెన్స్ ఆర్బిటర్ ఫొటోలు ఇందులో ఉంటాయి. లాగిన్ అక్కర్లేదు, బ్రౌజర్ చాలు. వైడ్ యాంగిల్ కెమెరా మ్యాప్‌లో ఒక్కో పిక్సెల్ అంటే నేల మీద 100 మీటర్లు. న్యారో యాంగిల్ కెమెరా తీసిన సన్నటి ఫొటో పట్టీలు ఆన్ చేస్తే అర మీటరు దాకా దిగొచ్చు. టైకో బిలం నడుమ 2 కిలోమీటర్ల ఎత్తున శిఖరం ఉంది, దాని నెత్తిన 120 మీటర్ల బండ. ఆ బండ చూసి నోరు తెరవని పిల్లలు లేరు! మ్యాప్ మీద గీత గీస్తే ఎత్తుపల్లాల గ్రాఫ్ వస్తుంది. నీడ పొడవు, సూర్యుడి కోణం ఇచ్చి పదో తరగతి త్రికోణమితితో ఎత్తు కట్టిస్తాను, తర్వాత గ్రాఫ్‌తో సరిచూసుకుంటారు.

"అపోలో దిగిన చోటు చూపించండి సార్" అని తప్పకుండా అడుగుతారు. అపోలో 17 చూపించండి. 1972లో వాళ్లు నడిపిన రోవర్ చక్రాల జాడలు ఇంకా ఉన్నాయి.

ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే చంద్రయాన్-2 ఫొటోలు ఉచితం. దాని ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి పావు మీటరు పిక్సెల్‌తో తీస్తుంది. అంత స్పష్టత మన కెమెరాదని చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. అయితే పట్టీ వెడల్పు 3 కిలోమీటర్లే కాబట్టి మీకు కావలసిన చోటు దొరక్కపోవచ్చు. ఫైళ్లు పెద్దవి, ఫోనులో అయ్యే పని కాదు. ముందు ప్రివ్యూ చూసి, నచ్చితేనే దించుకోండి. కంప్యూటర్లో క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాప్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఫొటోతో వచ్చే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును తెరవండి.

ఎండ మరీ వాలినా కష్టమే, ముఖ్యంగా ధ్రువాల దగ్గర. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ కూలిన ప్రాంతాన్ని నాసా తీసినప్పుడు పొడవాటి నీడలు నేలను చాలావరకు కప్పేశాయి. ఆ ఫొటోను పాతదానితో పోల్చి మొదటి శకలాన్ని పట్టుకున్నది చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్. నవంబరులో 72 డిగ్రీల ఇన్సిడెన్స్ కోణంలో (అంటే సూర్యుడు నడినెత్తి నుంచి 72 డిగ్రీలు వాలి ఉండగా) తీసిన ఫొటోల్లో ఆ చోటు ఇంకా బాగా తేలింది. లూనార్ రికానిసెన్స్ ఆర్బిటర్ కెమెరా (ఎల్‌ఆర్‌ఓసీ) సైటు సెర్చ్ పేజీలో ఇన్సిడెన్స్ కోణం గడి ఉంటుంది. నేల తీరు చూడాలంటే అందులో 60 నుంచి 75 పెట్టి వెతకండి. బిలాల నుంచి చిమ్మిన తెల్లని చారల కోసమైతే 30 లోపు పెట్టండి.