విత్తనం మోసం చేస్తే కేసు ఒంటరిగానా, కలిసా, ఊరందరి తరఫునా: ఏది మేలు?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో పత్తి, మిర్చి వేసే తెలుగు రైతులు చాలామంది విత్తనాలు నది అవతల నుంచే తెచ్చుకుంటారు. గోదావరి మీద, ప్రాణహిత మీద వంతెనలు వచ్చాక మహదేవ్‌పూర్, చెన్నూరు బజార్లు మనకు గడ్చిరోలి కంటే ఎంతో దగ్గరయ్యాయి. విత్తనం మొలిస్తే ఏ గొడవా లేదు. మొలవకపోతే మాత్రం దుకాణం తెలంగాణలో, కంపెనీ హైదరాబాద్‌లో, పొలం మహారాష్ట్రలో. కేసు ఎక్కడ వేయాలో, ఎవరు వేయాలో తెలియక అక్కడే ఆగిపోతున్నారు.

ఎక్కడ అన్నదానికి జవాబు తేలికే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మనకైతే గడ్చిరోలి జిల్లా వినియోగదారుల కమిషన్. ఒడిశాలోని గునుపురం రైతు ఆంధ్రాలోని పార్వతీపురంలో విత్తనం కొన్నా అంతే, తన రాయగడ జిల్లాలోనే వేసుకోవచ్చు. విత్తన చట్టం వేరే ఉంది కాబట్టి రైతు వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి కమిషన్‌కు) వెళ్లకూడదని కంపెనీలు వాదించేవి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2012లో ఆ వాదనను కొట్టేసింది. ఆ కేసు గెలిచింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే.

ఇక ఎవరు వేయాలి? దారులు మూడు.

ఒంటరిగా వేయడానికి ఖర్చు తక్కువ. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలో తేల్చేది వస్తువుకు కట్టిన ధర, జరిగిన నష్టం కాదు. 2024 సీజన్‌లో బీటీ పత్తి ప్యాకెట్ గరిష్ఠ ధర 864 రూపాయలు. పది ప్యాకెట్లు కొన్నా పదివేలు దాటదు, పోయిన పంట లక్షల్లో ఉన్నా జిల్లా కమిషన్ చాలు. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణకు హాజరవుతానని అడగవచ్చు. ఇంత సౌకర్యం ఉన్నా ఒంటరి రైతు ఓడిపోయేది సాక్ష్యం దగ్గర. "మీ నేల మంచిది కాదు, వాన పడకముందే విత్తారు, లోతుగా వేశారు" అని కంపెనీ వకీలు అంటాడు. ఒక్క పొలం చూపించి ఆ మాట తప్పని నిరూపించడం చాలా కష్టం.

రెండోది అదే చట్టంలోని 35(1)(సి) సెక్షన్. ఒకరో నలుగురో నిలబడి, నష్టపోయిన అందరి తరఫున, కమిషన్ అనుమతితో వేసే ప్రాతినిధ్య ఫిర్యాదు ఇది. క్లాస్ యాక్షన్ అనగానే అందరి మనసులో మెదిలేది ఇదే. వినడానికి గొప్పగా ఉంటుంది కానీ గడప ఎత్తు ఎక్కువ. అందరి ప్రయోజనం ఒకటేనని, అడిగే పరిహారం ఒకటేనని ఫిర్యాదులోనే వివరంగా చూపించాలి. బెంగళూరు అపార్ట్‌మెంట్ల విషయంలో, బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో, 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సంగతే గట్టిగా చెప్పింది. 1,134 ఫ్లాట్లున్న ప్రాజెక్టులో 51 ఫ్లాట్లకు చెందిన 91 మంది అందరి తరఫున వచ్చారు. అందరి ప్రయోజనం ఒకటేనని చూపించలేదు కాబట్టి అది ప్రాతినిధ్య ఫిర్యాదు కాదని కోర్టు తేల్చింది. అలాగని వాళ్లను బయటికీ పంపలేదు. ఆ 91 మంది తమ కోసం తాము ఉమ్మడిగా పోరాడవచ్చంది.

ఆ ఉమ్మడి ఫిర్యాదే మూడో దారి. పేర్లు రాసి, సంతకాలు పెట్టి, ఎవరి ఎకరాలు వాళ్లు చూపించి ఒకే కాగితం మీద అడగడం. మన సరిహద్దు రైతుకు ఇదే మేలని నా గట్టి నమ్మకం.

ముఖ్య కారణం సాక్ష్యమే. ఒకే లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన) విత్తనం ఇరవై పొలాల్లో పడిందనుకోండి. కొన్ని నల్లరేగళ్లు, కొన్ని ఎర్రనేలలు. ఒకరు మృగశిరలో వేశారు, ఇంకొకరు ఆరుద్రలో. అన్ని చోట్లా ఒకేలా మొలవకపోతే నేల, వాన అన్న వాదన నిలబడదు. తాలూకా స్థాయి విత్తన ఫిర్యాదుల కమిటీ వచ్చినప్పుడు ఇరవై పొలాలకూ వరసగా పంచనామా రాయించుకోవచ్చు. సాత్‌బారా (మహారాష్ట్ర భూమి రికార్డు) నకళ్లు, తెలుగు బిల్లులకు మరాఠీ అనువాదాలు, వకీలు ఖర్చు అందరికీ పంచుకుంటే భారం తగ్గుతుంది.

ఇక్కడ ఒక్క సంగతి బతిమాలి చెబుతున్నాను. మొలక రాలేదనగానే అదను పోతుందన్న టెన్షన్‌లో పొలం మొత్తం మళ్లీ దున్నేస్తారు. దాంతో సాక్ష్యం కూడా దున్నుకుపోతుంది. ముందు కృషి అధికారికి, అంటే వ్యవసాయ అధికారికి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మళ్లీ విత్తక తప్పకపోతే నాలుగు సాళ్లయినా అలాగే వదిలేయండి. ప్యాకెట్‌ను లాట్ నంబర్ తెగకుండా కత్తిరించి, ఖాళీది దాచండి. లాట్ నంబర్ లేని చిట్టీ ఇస్తే దుకాణంలోనే నిలదీసి రాయించుకోండి. పరీక్షకు విత్తనం మిగల్చలేదని రైతును తప్పు పట్టడానికి లేదని 2012 తీర్పులో ఉంది కానీ, బిల్లు లేకపోతే ఆ తీర్పు కూడా పెద్దగా ఆదుకోదు.

ఉమ్మడి ఫిర్యాదులోనూ లోపం ఉంది. కంపెనీ మనిషి రాత్రిపూట ఒక్కొక్కరి ఇంటికి వచ్చి, ఎంతో కొంత చేతిలో పెట్టి సంతకం తీసుకుంటాడు. ఎవరి వాటాకు వాళ్లే యజమానులు కాబట్టి అడ్డుకోలేం. ప్రాతినిధ్య ఫిర్యాదులో అలా కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 ప్రకారం రాజీ పడాలన్నా, కేసు వెనక్కి తీసుకోవాలన్నా ప్రయోజనం ఉన్న అందరికీ నోటీసు ఇవ్వాలి. అయితే అదే రూల్ వల్ల వచ్చిన తీర్పు అందరినీ కట్టేస్తుంది. నలుగురు సరిగా నడపక ఓడిపోతే, కోర్టు ముఖం చూడని రైతు కూడా ఓడినట్టే. నోటీసు మరాఠీ పేపర్లో పడితే మన ముసలాయనకు ఆ సంగతే తెలియదు. తెలియకుండానే ఒకరి హక్కు పోవడం నాకు మింగుడుపడదు. అందుకే ఒకే లాట్ తాలూకా అంతటా అమ్ముడై, మొలకే రాక, ఎకరానికి ఇంత అని లెక్క కట్టగలిగినప్పుడే 35(1)(సి) వైపు చూడాలి. అప్పుడు కూడా తెలుగులో ప్రకటన, ఊరూరా దండోరా అడగాలి.

ఏ దారి పట్టినా కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

విత్తనం కేసు సంగతి ఇది. ప్రభుత్వ భూసేకరణలో భూమి పోయిన వాళ్ల లెక్క మాత్రం వేరు. 2013 భూసేకరణ చట్టం 73వ సెక్షన్ ప్రకారం, ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయిన వాళ్లలో ఒక్కరు పోరాడి పరిహారం పెంచుకున్నా, కోర్టుకు వెళ్లని మిగతావాళ్లు కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టి అదే రేటు ప్రకారం అడగవచ్చు. అక్కడ గట్టి కాగితాలున్న ఒక్కరిని ముందుంచి, ఊరంతా చందా వేసుకుని నడిపించడమే తెలివైన పని. తీర్పు వచ్చిన మూడు నెలల్లో దరఖాస్తు పడాలి, నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు మినహాయిస్తారు. సేల్ డీడ్ మీద నేరుగా అమ్మిన భూమికి ఈ సెక్షన్ వర్తించదు.