పాత చీరల బొంత: ఆరడంలో మార్కులన్నీ దీనికే, అంచు దగ్గరే పేచీ

కోనసీమలో చంటిపిల్ల ఉన్న ఇంట్లో ఉతకడం పెద్ద పని కాదు, ఆరబెట్టడమే పని. ఆషాఢంలో ముసురు పట్టిందంటే కార్తీకం దాకా దండెం మీద బట్ట ఆరిందో లేదో తేలదు. చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. అది బట్టలో తడో, గాలిలో చెమ్మో తెలిసి చావదు. అందుకే మా మేనకోడలి బొంత గురించి చెప్పాలంటే నేను మెత్తదనం, అందం జోలికి ముందు పోను. ఇది ఆరుతుంది. ఇంత మందం ఉండి ఇంత తొందరగా ఆరేది మా ఇంట్లో ఇంకోటి లేదు.

వదిన పుట్టింటి నుంచి పిల్లని ఐదో నెలలో అమలాపురం తీసుకొచ్చేలోపు అమ్మా నేనూ కూర్చుని కుట్టాం. ఇప్పుడు పిల్లకి మూడేళ్లు దాటాయి, బొంత రోజూ వాడకంలోనే ఉంది.

పాత చీరలు పొరలుగా పరిచి వరసలుగా చేతికుట్టు వేయడమే, ఆ పద్ధతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నాను. చీరలు మాత్రం అమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ బండారులంక నేత చీరలు. వదలాల్సిన రంగు ఏనాడో వదిలేసినవి కాబట్టి పిల్ల చొక్కాలకి అంటుకునే భయం లేదు. లెక్క ప్రకారం ఐదున్నర మీటర్ల చీరని నాలుగు ముక్కలు చేస్తే పిల్లకి సరిపడా నాలుగు పొరలు వస్తాయి, ఒక్క చీర చాలు. కానీ కుచ్చిళ్ల కింది భాగం, కూర్చునే చోటు ఎప్పుడూ పలచబడి ఉంటాయి. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టి, అవతలి కిటికీ ఊచలు కనిపించిన చోటల్లా తీసేస్తే రెండు చీరలు పట్టాయి.

మధ్యలో దూది లేదు. అమ్మ మొదట బూరుగు దూదే అంది. పరుపుకి దాన్ని మించింది లేదు, తేలిక, వేడి చేయదు. కానీ తడిస్తే ఉండలు కడుతుంది, లోపలి చెమ్మ ఓ పట్టాన పోదు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేకుండా అమ్మకే గుర్తొచ్చింది. 1996 నవంబరు తుఫానులో నానిపోయిన పరుపుల్ని ఎన్నాళ్లు ఎండేసినా వాసన పోక, చివరికి దూదంతా కాలవగట్టున పారబోశారు. “వద్దులేవే, చీరలే వేసేద్దాం” అని తనే తేల్చేసింది.

దీని సత్తా తెలిసింది నిరుడు అల్పపీడనం పట్టినప్పుడు. ఆగని వాన, కరెంటు ఉంటే ఉంది లేకపోతే లేదు, పిల్లకి జలుబు, రాత్రిళ్లు పక్క తడిపేస్తోంది. ఇంట్లో ఇంకో క్విల్టు కూడా ఉంది. బారసాలకి చదివించింది, లోపల ఫైబరు, పైన ఏనుగుపిల్లల బొమ్మలు. చూపుకి దాని ముందు మా బొంత దిగదుడుపే. ఒకే పొద్దున రెండూ ఉతికి వసారాలో దండేల మీద వేశాం. సాయంత్రానికి క్విల్టు పైకి పొడిగానే ఉంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కితే మాత్రం లోపలి చల్లదనం చేతికి తగిలింది. మర్నాటికీ అంతే, ఆ తర్వాత ముక్కిపోయిన వాసన మొదలైంది.

బొంతని అమ్మ మడిచి వేయలేదు, పక్కపక్కనున్న రెండు దండేల మీద వెడల్పుగా పరిచింది. అటు వెళ్లినప్పుడల్లా రెండు కుట్టు వరసల మధ్య పై చీరని వేళ్లతో పట్టుకుని కొంచెం పైకి లాగేది. మా కుట్టు వరసల మధ్య నాలుగు వేళ్ల వెడల్పున ఎడం ఉంది. అక్కడ పొరలు ఒకదాన్నొకటి వదిలేసి మధ్యలోకి గాలి పోతోంది. దీపాలవేళకి తీసి చెంపకి ఆనించుకుని “ఆరిందే, పరిచెయ్” అంది. చేతికి అందని తడి చెంపకి తెలుస్తుందట. నాకు నమ్మకం కుదరక నాలుగు మూలలూ చూశాను, అంతటా పొడే. ఆ రాత్రి పిల్ల దాని మీదే పడుకుంది.

అప్పట్నుంచి “పూటలో ఆరిపోతుంది” అని కనపడిన వాళ్లందరికీ చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. పూటలో ఆరాలంటే రెండు దండేలు దానికే వదిలేయాలి, పొరలు లాగుతూ ఉండే మనిషి కావాలి. ధనుర్మాసం మంచులో తెల్లారగట్ల వేస్తే ఉన్న తడికి తోడు కొత్త తడి చేరుతుంది, ఎండ పొడుచుకొచ్చాకే వేయాలి.

పైగా ఏ ఎడం వల్ల గాలి ఆడుతోందో ఆ ఎడం వల్లే పొరలు జరుగుతాయి. పిండినప్పుడల్లా లోపలి చీర ఓ పక్కకి పోగుపడుతుంది. దాన్ని సర్దేది వదిన. “ఆరడం సరేనండీ అత్తయ్యగారూ, మళ్లీ చదును చేసేసరికి నా పని తెల్లారుతోంది” అని నవ్వుతూనే అంటుంది గానీ అది నవ్వు కాదు.

ఇంకోటి, ఏడాది నిండేదాకా దీన్ని పిల్ల కింద పరిచామే తప్ప మీద కప్పలేదు. మొహం మీద పడితే తీసుకోలేని వయసు, పక్కలో వదులు దుప్పట్లు వద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. ఇప్పుడు కప్పుతున్నాం. జనవరి చలికి ఇదొక్కటే చాలదు.

ఇక అంచు. చుట్టూ పట్టీ మాత్రం నీటుగా వస్తుందని టైలరుకిచ్చాం. దగ్గరదగ్గర మిషను కుట్టు, పాలిస్టరు దారం. ఆ దారం ఇప్పటికీ చెక్కుచెదరలేదు, పాత బట్టే సూది కన్నాల వరస వెంబడి ఊడి వచ్చేసింది. మేం నూలు దారంతో చేత్తో వేసిన చోట ఒక్క చిరుగు లేదు. పాత గుడ్డకి దానికంటే గట్టి దారం పనికిరాదని ఆ టైలరు ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

పట్టీ పీకేశాక అమ్మకి బీరువాలో దాచుకున్న నర్సాపురం లేసు గుర్తొచ్చింది. 2024లో ఆ అల్లికకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిందని విన్న దగ్గర్నుంచి దాన్ని బయటికి తీసే సాకు కోసమే చూస్తోంది. వేశాక బొంత రూపే మారిపోయింది, కాదనను. కొద్దిరోజులకే ఓ రాత్రి పిల్ల కెవ్వుమంది. లైటు వేసి చూస్తే కాలి చిటికెన వేలు లేసు కన్నంలో దూరింది. దారం బిగుసుకుని వేలు కందిపోయింది. అన్నయ్య చిన్న కత్తెరతో దారం తెంపుతుంటే మా అందరికీ ఒళ్లంతా చెమటలు. దిండు గలీబులకి ఆ లేసుని మించిన అందం లేదు గానీ, చంటిపిల్ల పక్కలోకి కన్నాలున్న అల్లిక ఏదీ వద్దు. చివరికి కింది పొరనే పైకి మడిచి చేతికుట్టు వేశాం. చూడ్డానికి ఏం బాలేదు, కాకపోతే ఇప్పటిదాకా చిరగలేదు.

కుట్టుకోవచ్చా అంటే, మాలా వసారా ఉండి, మధ్యాహ్నాలు సూది పట్టుకు కూర్చునే పెద్దావిడ ఉన్న ఇంటికైతే కళ్లు మూసుకుని చెబుతాను. ఇద్దరూ ఉద్యోగాలకెళ్లే ఫ్లాటులో పలచటి నూలు దుప్పట్లు రెండు కొని మార్చి మార్చి వాడుకోవడమే సుఖం. హైదరాబాదులాంటి పొడిగాలి ఊళ్లలో ఉన్నవాళ్లకి నేను చెప్పిన ఈ గొప్ప అసలు గొప్పగానే అనిపించకపోవచ్చు.

వదిన మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి వరసలు రెండు వేళ్ల ఎడంలో వేయమంటోంది, అమ్మ నాలుగు వేళ్లకి తగ్గనంటోంది. నేను అమ్మ పక్షమే, కానీ పిండాక సర్దేది నేను కాదు కదా.