జాగ్రత్త: జపాన్‌లో ఒంటరిగా ఉనాగి తినడానికి వెళ్తున్నారా? డబ్బు ఇక్కడ పోతుంది

ఉనాగి అంటే మన మలుగుపాము జాతి చేప. చీల్చి, పుల్లలకు గుచ్చి, బొగ్గుల మీద కాల్చి, తారే అనే తియ్యటి సోయా పాకంలో ముంచి, వేడన్నం మీద పరిచి ఇస్తారు. తరాలుగా ఇదొక్కటే వండే దుకాణాలు టోక్యోలో, నగోయాలో చాలా ఉన్నాయి. తినాల్సిన తిండే. అయితే ఒక్కరే వెళ్లినప్పుడు పంచుకునేవాళ్లు ఉండరు, ఆర్డర్ తప్పితే ఆ భారమంతా మీదే.

ఎక్కువమంది మోసపోయేది మెనూలోని అంతస్తుల దగ్గర. లక్క పెట్టెలో వచ్చే ఉనాజును మత్సు, తకే, ఉమే అనో, తొకుజో, జో, నామి అనో విడదీసి రాస్తారు. పైది మేలిరకం చేప అనుకుని మత్సు చెప్పేస్తారు. చాలా దుకాణాల్లో చేప ఒకటే, కాల్చే పద్ధతీ ఒకటే, తేడా ఎంత వడ్డిస్తారన్నదే. కొన్నిచోట్ల ఈ పేర్ల వరస తలకిందులుగానూ ఉంటుంది. అందుకే పేరు చూడకండి, బొమ్మ చూపించి "ఇప్పికి దెస్ క" అని అడగండి, ఒక పూర్తి చేపేనా అని. ఉనాజు మామూలుగా 3,000 నుంచి 6,000 యెన్‌ల మధ్య ఉంటుంది, పేరున్న చోట ఇంకా పైనే. ఇది బాగా కొవ్వున్న చేప. పూర్తి చేప ఉనాజుకు తోడు షిరాయాకి (పాకం లేకుండా కాల్చింది) కూడా చెప్తే ఒక్క మనిషి తినలేడు. మిగిలింది కట్టివ్వమంటే అన్నిచోట్లా ఒప్పుకోరు. ఒంటరిగా వెళ్తే మధ్య రకం ఒకటి చాలు.

ధర ఉండాల్సిన చోట "జికా" అని రాసి ఉంటే అది ఆ రోజు మార్కెట్ ధర. నదిలో పట్టిన చేపకు ఎక్కువగా ఇలా రాస్తారు. అంకె అడగకుండా తల ఊపకండి. కాలేయం లాంటి చేప లోపలి భాగాలతో చేసే కిమోసుయి సూప్ కొన్నిచోట్ల భోజనంలో భాగం, కొన్నిచోట్ల విడిగా లెక్క. చాపలు పరిచిన విడి గదుల్లో కూర్చోబెడితే సర్వీస్ చార్జి పడొచ్చు. "హితోరి దెస్" (ఒక్కరే వచ్చాను) అని చెప్పి కౌంటర్ సీటు అడగండి.

టోక్యో వైపు చేపను వీపు నుంచి చీల్చి, ఒకసారి కాల్చి, ఆవిరి పట్టించి, పాకంలో ముంచి మళ్లీ కాలుస్తారు. ఆర్డర్ ఇచ్చాకే చేప కోసే చోట 40 నిమిషాలో గంటో ఆగాలి. ఆలస్యమైందని గొడవ పడకండి, రైలు టైమ్ పెట్టుకుని అసలు వెళ్లకండి. మంచి దుకాణాలు కూడా పొద్దున్నే ఆవిరి పని ముగించి ఉంచుకుంటాయి, కాబట్టి 15 నిమిషాల్లో వచ్చిందంటే మోసమని కాదు. పర్యాటకుల వీధిలో ఐదు నిమిషాల్లో వచ్చి, బొగ్గు వాసన లేక, తోలు రబ్బరులా సాగుతూ, పాకం వరదలా పారుతుంటే మాత్రం అది ఎక్కడో కాల్చి తెచ్చి వేడి చేసిన సరుకే. పడమటి వైపు, ఒసాకాలో, పొట్ట నుంచి చీల్చి ఆవిరి లేకుండానే కాలుస్తారు. అక్కడ తోలు కరకరలాడుతుంది, సన్న ముళ్లు కాస్త తగులుతాయి. అది లోపం కాదు.

మరీ చవకగా దొరికితే అనుమానించండి. పెంపకం చేపకు కూడా పిల్లల్ని దాదాపుగా ప్రకృతిలోనే పట్టి తేవాలి. ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2014లో అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. అందుకే మంచి ఉనాగి మరీ చవకగా దొరకడం అరుదు.

తేదీ కూడా చూసుకోండి. జూలై రెండో సగంలో వచ్చే "దొయో నో ఉషి నో హి" (ఉనాగి తినడం ఆనవాయితీగా ఉన్న రోజు) నాడు, అంటే 2026లో జూలై 26న, జపాన్ మొత్తం ఉనాగి కోసం ఎగబడుతుంది. క్యూ పొడవు, చేతి పని హడావిడి, కొన్ని పాత దుకాణాలైతే ఆ రోజు మూసేస్తాయి. మామూలు రోజుల్లోనూ చేప అయిపోతే షట్టర్ దించేస్తారు. పదకొండుకు తెరిచే చోటికి అంతకుముందే చేరి, గుమ్మం దగ్గర పేర్ల కాగితం ఉంటే అందులో రాయండి. రాయకుండా నిలబడితే మీ వంతు రాదు.

ఒక్కరికి బుకింగ్ ఇవ్వని చోట ఇద్దరికని బుక్ చేసి ఒక్కరే వెళ్లే ఆలోచన మానుకోండి. కోర్సు భోజనమైతే రెండో మనిషి డబ్బూ కార్డులోంచి కోయొచ్చు. కొన్ని పాత దుకాణాలు నగదు తప్ప తీసుకోవు, పది వేల యెన్‌లు చేతిలో ఉంచుకోండి.

నగోయాలో హిత్సుమబుషి (అన్నం మీద ముక్కలు చేసి పరిచిన ఉనాగి) చెప్తే మొదట్లోనే దాషి (పల్చటి సూప్ రసం) పోసేయకండి. గిన్నెను నాలుగు భాగాలు చేసి ఒకటి ఉత్తగా, రెండోది ఉల్లికాడ, వసాబి అనే ఘాటైన పచ్చ ముద్దతో, మూడోది దాషి పోసుకుని తినాలి. నాలుగోది మీకు నచ్చినట్టు.

శాకాహారులు తోడుగా కూడా వెళ్లొద్దు. అన్నం మీదా పాకం పోసే ఉంటుంది, సూప్‌లోనూ చేప రసమే. మద్యం ముట్టనివాళ్లు పాకంలో మిరిన్ (తియ్యటి వంట మద్యం), సాకే (బియ్యపు మద్యం) ఉంటాయని గుర్తుంచుకోండి.