బామ్ పోయాక ఓజ్ ఏమైంది? థాంప్సన్ 19 పుస్తకాలూ చదివాక

ఓజ్ అనే మాయలోకం మీద పిల్లల కోసం 14 నవలలు రాసిన ఎల్. ఫ్రాంక్ బామ్ 1919లో కన్నుమూశాక, షికాగో ప్రచురణకర్తలు రైలీ అండ్ లీ ఆ పని అప్పజెప్పింది ఫిలడెల్ఫియా పత్రికలో పిల్లల పేజీ నడిపే రూత్ ప్లమ్లీ థాంప్సన్‌కి. 1921 నుంచి 1939 దాకా ఏడాదికొకటి చొప్పున 19 రాసింది. అసలాయన కంటే ఐదు ఎక్కువ! అన్నీ చదివి, కొన్ని రెండు మూడుసార్లు తిరగేశాక చెప్పేది ఒకటే: వరసపెట్టి చదవకండి.

మొదటిది 'ద రాయల్ బుక్ ఆఫ్ ఓజ్'. అట్ట మీద బామ్ పేరు వేశారు గానీ రాత మొత్తం థాంప్సన్‌దే. కొత్త పేరుంటే కొనరని భయం కాబోలు. బామ్ సృష్టించిన మాట్లాడే దిష్టిబొమ్మ తన వంశం వెతుక్కుంటూ, ఒకప్పుడు తనను నిలబెట్టిన గుంజ వెంట భూమి లోపలికి జారి వెండి దీవికి చేరడం మంచి ఊహే. అయితే ఆ దీవి జనాన్ని చైనావాళ్లను వెక్కిరించినట్టు చిత్రించింది. పిల్లలకు చదివి వినిపించేవాళ్లు ముందు తాము చదువుకోవాలి.

మొదలుపెట్టాల్సింది రెండోదైన 'కబంపో ఇన్ ఓజ్' (1922)తో. తగిన రాకుమారిని పెళ్లాడకపోతే రాజ్యమే మాయమవుతుందని రాకుమారుడికి బెదిరింపు వస్తుంది. అతన్ని వెంటేసుకుని బయల్దేరే డాబుసరి ఆస్థాన ఏనుగే కబంపో. అటు బామ్ కాలం నుంచీ ఓజ్‌కు శత్రువైన రగ్గెడో ఒక్కసారిగా కొండంత పెరిగి, ఓజ్ నేలే ఓజ్మా కోటను నెత్తిన ఇరికించుకుని పరుగెడతాడు. ఈ హాస్యం బామ్‌లో లేదు, థాంప్సన్ సొంతం.

మూడు నాలుగు వరసగా చదివితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు కనబడిపోతుంది. రెండు మూడు అధ్యాయాలకో వింత ఊరు, అక్కడివాళ్లు వీళ్లను పట్టుకుని తమలా మార్చబోవడం, వీళ్లు తప్పించుకోవడం. ఆ అధ్యాయం ఎత్తేసినా కథకు లోటుండదు. ఇంకో చిక్కు బామ్ వదిలిపోయిందే: ఎక్కడేం జరుగుతోందో చూపే మాయ పటం, కోరింది జరిపించే మాయ బెల్టు ఓజ్మా చేతిలో ఉంటే ఏ ఆపదైనా నిమిషంలో తీరిపోదూ? కాబట్టి ముందు వాటినో, ఓజ్మానో పక్కకు తప్పించాలి. 'ద విషింగ్ హార్స్ ఆఫ్ ఓజ్' (1935)లో అందరూ ఓజ్మాను మరిచిపోయేలా చేసిన ఎత్తు భలే కుదిరింది. చాలాచోట్ల మాత్రం చివరి పేజీల్లో బెల్టే దిక్కు.

పేర్లను తెలుగు చేయబోకండి. సర్కస్ విదూషకుడు 'నోటా బిట్ మోర్' పేరు ('నాట్ ఎ బిట్ మోర్' అన్నట్టు) ఇంగ్లీషులో పలికితేనే నవ్వొస్తుంది. 'కెప్టెన్ సాల్ట్ ఇన్ ఓజ్' (1936) ఆఖరికి వదలండి, పేరులో తప్ప కథలో ఓజ్ లేదు.

కొనేటప్పుడు జాన్ ఆర్. నీల్ బొమ్మలున్న ప్రతే చూసుకోండి. బామ్ రెండో పుస్తకం నుంచీ బొమ్మలు ఆయనవే. రాసే చెయ్యి మారినా ఓజ్ అదే ఓజ్‌లా కనబడిందంటే సగం పుణ్యం ఆ గీతలదే.