పని అప్పజెప్పండి, ఓటీపీ మీ దగ్గరే ఉంచుకోండి: శ్రీకాకుళం, విజయనగరం చిన్న వ్యాపారులకు జాగ్రత్త

చిన్న బట్టల కొట్టు, పలాసలో జీడిపప్పు ప్యాకింగ్, రాజాంలో పిండివంటల వ్యాపారం, ఏదైనా సరే, వెబ్‌సైట్‌కి ఒక ఫ్రీలాన్సర్‌నీ, జీఎస్టీకి పార్ట్‌టైమ్ అకౌంటెంట్‌నీ, కౌంటర్ దగ్గర ఒక కుర్రాణ్నీ పెట్టుకోవడం మామూలే. ముగ్గురి దగ్గరా నష్టం ఒకే దారిన వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు యజమాని నంబరు బదులు వాళ్ల నంబరు, వాళ్ల మెయిల్ పడతాయి. "మీకెందుకండీ ఈ ఓటీపీల గోల, నా నంబరు పెట్టేస్తాను" అంటారు. సరే అన్నారంటే వ్యాపారం తాళంచెవి వాళ్ల జేబులోకి వెళ్లిపోయినట్టే. అవతలి మనిషి మోసగాడే కానక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా, సిమ్ మార్చేసినా మీ ఇబ్బంది అదే.

ముందు వెబ్‌సైట్ సంగతి. డొమైన్ పేరు, అంటే మీ సైటు చిరునామా, ఎవరి లాగిన్‌లో కొన్నారో ఆ పేరు వాళ్ల చేతిలోనే ఉంటుంది. డబ్బు మీదే అయినా, బోర్డు మీద పేరు మీదే అయినా తేడా ఏమీ ఉండదు. రెండో ఏడాది రెన్యువల్ దగ్గర అసలు సంగతి బయటపడుతుంది: ఫ్రీలాన్సర్ అడిగినంతా ఇవ్వాలి, లేదా పేరు పోగొట్టుకోవాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు, సంక్రాంతి ముందు ఈ పేచీ వచ్చిందంటే బేరం ఆడే తీరిక కూడా ఉండదు. అందుకని రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే కంపెనీ) దగ్గర ఖాతా మీరే, మీ మెయిల్‌తో తెరవండి. మీ యూపీఐతోనే కట్టండి. డాట్ ఇన్ పేరుకి ఏడాదికి వెయ్యి రూపాయల అటూ ఇటూ అవుతుంది. ఫ్రీలాన్సర్ తన సర్వర్ వివరాలు ఇస్తే అవి మీ ఖాతాలో ఎక్కిస్తే చాలు, మీ లాగిన్ ఇవ్వాల్సిన పని లేదు.

ఇప్పటికే పేరు అవతలివాళ్ల ఖాతాలో ఉంటే, సంబంధాలు బాగున్నప్పుడే బదిలీకి కావాల్సిన రహస్య కోడ్, అంటే ఆథ్ కోడ్, అడిగి తీసుకోండి. డాట్ కామ్ పేరు కొత్తగా కొన్న 60 రోజుల్లోపు వేరే రిజిస్ట్రార్‌కి మారదు, అది నిబంధన. ఫ్రీలాన్సర్ ఆ మాట చెబితే నమ్మండి, కానీ అరవై ఒకటో రోజున మళ్లీ అడగండి. గడువు దాటిన పేరు కొన్నాళ్లు మామూలు రుసుముతోనే దక్కుతుంది. ఆ తర్వాత డాట్ కామ్‌కి 30 రోజుల రిడెంప్షన్ దశ, అంటే పేరు విడిపించుకునే గడువు, ఉంటుంది, దానికి రుసుము బాగా ఎక్కువ. అదీ దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు.

గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం పేజీకి ప్రైమరీ ఓనర్‌గా మీరు ఉండాలి, పని చేసేవాళ్లు మేనేజర్‌గా ఉంటే చాలు. కొత్తగా ఓనర్‌గా చేరినవాళ్లకి మిగతావాళ్లను తీసేసే అధికారం 7 రోజుల దాకా రాదు, కాబట్టి తగువు వచ్చేదాకా ఆగకండి. వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) సైటైతే మీకు అడ్మినిస్ట్రేటర్ లాగిన్, అంటే పూర్తి అధికారం ఉన్నది, అడగండి. ఎడిటర్ లాగిన్ ఇచ్చి "ఇదేనండీ మీది" అని సరిపెడతారు, దానితో ఎవరినీ తీసేయలేరు. వాట్సాప్ బిజినెస్ మీ సిమ్ మీదే పెట్టుకోండి. ఆరంకెల పిన్ మీరే పెట్టండి, లింక్డ్ డివైజెస్‌లో ఎవరి కంప్యూటర్ ఉందో వారానికోసారి చూడండి.

డబ్బు విడతల గురించి గట్టిగా చెప్పాలి. పని 20,000 అనుకుంటే అడ్వాన్స్ 6,000, సైటు మీ ఫోన్‌లో తెరిచి చూశాక 8,000, లాగిన్లూ ఫైళ్లూ డేటాబేస్ బ్యాకప్పూ చేతికొచ్చాక 6,000. సగం ముందే కావాలంటే ఇవ్వొచ్చు, కానీ చివరి విడత మాత్రం వదులుకోకండి. ఆ డబ్బు ఆగి ఉంటేనే లాగిన్లు బేగి చేతికొస్తాయి.

తెలుగు మేటర్ ఉన్న పనైతే ఇంకొకటి. మన ప్రెస్సుల్లో తెలుగు ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు, అది యూనికోడ్ (అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. అదే తెచ్చి సైటులో పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. అందుకని కొందరు దాన్ని బొమ్మగా అతికించేస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది గానీ గూగుల్లో వెతికితే దొరకదు. యూనికోడ్‌లోనే కావాలని ముందే రాయించండి. లోగోకి జేపీజీ ఒక్కటే తీసుకోకండి, పెద్ద ఫ్లెక్సీకి పెంచితే గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. కోరల్‌డ్రా అసలు ఫైలు అడగండి.

హక్కుల దగ్గర చాలామంది పొరబడతారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, జీతం మీద ఉన్న ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. ఫ్రీలాన్సర్ రాసిన కోడ్‌కీ మేటర్‌కీ అలా కాదు, సంతకంతో రాతపూర్వకంగా మీకు బదిలీ చేయాలి. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే చెల్లుతుంది. ఈ రెండు ముక్కలూ తప్పక రాయించండి.

అన్నిటికంటే ఖరీదైన దెబ్బ జీఎస్టీ దగ్గర. అకౌంటెంట్ నెలనెలా డబ్బు తీసుకుంటూ రిటర్న్ వేయకపోతే మీకు తెలియదు, ఎందుకంటే హెచ్చరికలన్నీ ఆయన ఫోన్‌కే వెళ్తాయి. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయలు, అమ్మకం లేని నెలదైతే రోజుకి 20. దానికి గరిష్ఠ పరిమితి ఉంది గానీ పన్ను బాకీ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే. వరుసగా రెండు రిటర్న్‌లు ఆగితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి కావాల్సిన పత్రం) ఆగిపోతుంది, పలాస నుంచి పప్పు లోడు కదలదు. దీన్ని కనిపెట్టడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ టాక్స్‌పేయర్ దగ్గర మీ జీఎస్టీ నంబరు కొట్టి ఫైలింగ్ పట్టిక తెరిస్తే ఏ నెలది ఎప్పుడు వేశారో కనబడుతుంది. ప్రతి నెలా 22 తర్వాత ఒకసారి చూసుకోండి.

జీఎస్టీ లాగిన్ మీ దగ్గర ఉండి ఫోన్ నంబరు మాత్రమే వాళ్లదైతే, పోర్టల్‌లో నాన్‌కోర్ (చిన్న వివరాల) సవరణలో ఆథరైజ్డ్ సిగ్నేటరీ (సంతకం చేసే అధికారం ఉన్నవాళ్ల వివరాలు) దగ్గర మార్చుకోవచ్చు. లాగినే లేకపోతే గుర్తింపు, వ్యాపార పత్రాలు పట్టుకుని మీ పరిధిలోని పన్ను అధికారి దగ్గరికి వెళ్లండి. ఆయన కొత్త మెయిల్, నంబరు ఎక్కిస్తే తాత్కాలిక పాస్‌వర్డ్ మీకే వస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో వాల్ట్ పాస్‌వర్డ్ (లెక్కలకి తాళం) పెట్టి ఉంటే అది కాగితం మీద రాసి మీ బీరువాలో ఉంచండి. అది మరిచిపోతే లెక్కలు తిరిగి తెరిచే దారి లేదు.

కౌంటర్ దగ్గర క్యూఆర్ స్టిక్కర్‌ని రోజూ మీ ఫోన్‌తో స్కాన్ చేసి, తెర మీద ఎవరి పేరు వస్తోందో చూడండి. ఎవరైనా తమ స్టిక్కర్ అతికించేస్తే సౌండ్‌బాక్స్ పలకదు, ఎందుకంటే అది మీ ఖాతాలో పడిన డబ్బుకే పలుకుతుంది. రద్దీలో బాక్సు మూగబోయిందంటే "నెట్ లేదు" అనే మాట విని ఊరుకోకండి.

మనుషుల్ని ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకి ముందే పూర్తి కమిషన్ కట్టకండి. మనిషి 30 రోజులు పని చేశాక సగం, 90 రోజులకి మిగతాది అని రాయించుకుంటే, మధ్యలో మానేసినా మీకు పెద్ద దెబ్బ తగలదు.

డబ్బు మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత ముందు చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పని సరిగా చేయలేదన్న తగువైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు గానీ అక్కడొక మెలిక ఉంది: వ్యాపార ప్రయోజనం కోసం తీసుకున్న సేవకి ఆ చట్టం వర్తించదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే నడుపుకునే చిన్న వ్యాపారానికి మినహాయింపు ఉంది గానీ, చట్టంలో అది కొన్న వస్తువుల గురించే రాసి ఉంది, మీ సేవకి వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఫిర్యాదు చేయడానికి గడువు 2 ఏళ్లు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. ఒప్పందం కాగితం, వాట్సాప్ మాటలు, యూపీఐ రసీదులు తేదీల వారీగా ప్రింటు తీసి పట్టుకెళ్లండి.