పిల్లికి హైపర్‌ఈస్థీషియా అనుమానమా: స్కాన్ ముందా, పేల మందు ముందా?

మా పిల్లి హాయిగా కూర్చుని ఉంటుంది. ఉన్నట్టుండి నడుము మీద చర్మం అలలు అలలుగా కదులుతుంది, తోక నేలకేసి టపటపా కొడుతుంది, కంటిపాపలు నల్లగా పెద్దవైపోతాయి, ఆ తోక తనది కానట్టు వెనక్కి తిరిగి చూసి బుస్సుమని, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే పరుగు. నిమిషం తర్వాత ఏమీ ఎరగనట్టు కూర్చుని ఒళ్ళు నాక్కుంటుంది. మొదటిసారి చూసి మా ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందన్నారు, నేను నెట్‌లో వెతికి హైపర్‌ఈస్థీషియా సిండ్రోమ్, అంటే చర్మం అతిగా స్పందించే జబ్బు, అని తేల్చేశాను. ఇద్దరం తొందరపడ్డవాళ్ళమే.

ఎందుకంటే ఈ జబ్బు ఉందని చెప్పే రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. 1980 నుంచి పశువైద్యంలో వాడుతున్న పేరే అయినా, ఇవాళ్టికీ మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాక మిగిలినదానికి పెట్టే పేరు అది. కాబట్టి అసలు ప్రశ్న ఏ పరీక్ష గొప్పదని కాదు, దేని తర్వాత ఏది చేయించాలని.

దానికంటే ముందు, వీపు నిమిరితే చర్మం ఒక్కసారి జలదరించడం జబ్బు కాదు. ఈగ వాలితే విదిలించుకోవడానికి చర్మం కింద ఓ పలచటి కండర పొర ఉంటుంది, దాని పని అది. ఎదకొచ్చిన ఆడపిల్లి దొర్లినా, తోక పక్కకి పెట్టినా అది కూడా మామూలే. ఎవరూ ముట్టకుండానే మొదలవుతుంటే, మళ్ళీ మళ్ళీ వస్తుంటే, పిలిచినా ఆగకపోతే, తోక కొరుక్కుని జుట్టు ఊడగొట్టుకుంటుంటే, నడుము మీద చెయ్యి వేస్తే అరుస్తుంటే, అప్పుడు అనుమానించాలి.

ఇక మన ముందున్న దారులు మూడు.

నేరుగా ఎమ్మారై. టెన్షన్ తట్టుకోలేనివాళ్ళకి ముందు తోచేది ఇదే. వెన్నుపూసలో డిస్క్ జారిందా, నరం నొక్కుకుందా, మెదడులో గడ్డ ఉందా అనేది దీంతో బాగా తెలుస్తుంది, నిజమే. కానీ పిల్లికి మత్తు ఇవ్వక తప్పదు, ఖర్చు ఎక్కువ, పైగా అంతా బాగుందని రిపోర్టు వస్తే మీరు మళ్ళీ మొదటికే వచ్చారు, దురద వల్ల జరుగుతున్నదైతే ఎమ్మారైకి అది కనపడనే కనపడదు. వెనక కాళ్ళు తూలుతున్నా, తోక వేలాడిపోయినా, మూత్రం ఆగిపోయినా, స్పృహ తప్పి నురగ కక్కుతూ కాళ్ళు కొట్టుకుంటున్నా మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కూర్చోకూడదు. అప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, స్కాన్ ముందుకి రావాల్సిన సందర్భం కూడా అదే.

రెండోది, మందు వేసి చూద్దాం అనే దారి. గబాపెంటిన్ ఇస్తారు, చాలా పిల్లులకి ఉపశమనం వస్తుంది. చిక్కేంటంటే అది నరాల నొప్పికీ పనిచేస్తుంది, మూర్ఛకీ పనిచేస్తుంది, భయాన్నీ తగ్గిస్తుంది, కొంచెం మగతగానూ ఉంచుతుంది. తగ్గిందని సంతోషించవచ్చు గానీ ఏం తగ్గిందో మీకు తెలీదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే ఇంకా గందరగోళం, దురదా వాపూ రెండూ ఒకేసారి అణిగిపోతాయి, ఆ తర్వాత తిండి అలర్జీ ఏమోనని ఆహారం మార్చి చూసినా ఫలితం నమ్మలేం. అయితే తోకని రక్తం వచ్చేలా నములుతున్న పిల్లిని శాస్త్రీయంగా ఆలోచిస్తూ అలాగే వదిలేయమని నేను అనను, కొరుక్కోకుండా మెడకి గరాటులాంటి కోన్ కట్టి, డాక్టరు రాసిన నొప్పి మందు మొదటిరోజు నుంచే ఇవ్వాలి. ఇంట్లో ఉంది కదా అని పారాసిటమాల్ మాత్రం వద్దు, పిల్లికి అది ప్రాణాంతకం.

మూడోది ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ పోవడం. విసుగు పుట్టిస్తుంది, నెలలు పడుతుంది, నా ఓటు మాత్రం దీనికే. ముందు ఎగిరే పేలు, అంటే గెంతుతూ రక్తం తాగే ఫ్లీలు. "మా పిల్లికి పేలు లేవండీ" అని అందరం అంటాం, నేనూ అన్నాను. పిల్లి నాకి మింగేస్తుంది కాబట్టి పేను కనపడకపోయినా అలర్జీ ఉండొచ్చు, కొన్ని కాట్లు చాలు. సన్నపళ్ళ దువ్వెనతో నడుము దగ్గర దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి టిష్యూ మీద వేసి ఓ నిమిషం ఆగండి. చుట్టూ తుప్పు రంగు ఎరుపు పాకితే అది మట్టి కాదు, పేలు తాగి విసర్జించిన రక్తం. ఇంట్లో ఉన్న జంతువులన్నింటికీ కలిపి కనీసం 3 నెలలు మందు వేస్తేనే లెక్క, చాపల కింద దాక్కున్న గూళ్ళలోంచి కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి. కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ అనే పేల మందు చుక్కలు పిల్లికి వేయకండి. అది విషం, పైగా ఆ విషానికి కూడా ఒళ్ళు అదరడమే లక్షణం, ఉన్న అయోమయం చాలదన్నట్టు.

ఈలోగా డాక్టరు వెన్ను వెంబడి నొక్కి చూడటం, తోక ఎత్తి మలద్వారం పక్క గ్రంథులు చూడటం, ఎక్స్‌రే, రక్త మూత్ర పరీక్షలు అయిపోతాయి. పేలు కాదని తేలితే తిండి అలర్జీ ఉందేమో చూడటానికి 8 వారాలు ఒకే ఆహారం, అదీ అంతకుముందు ఎప్పుడూ తినని మాంసంతో చేసింది. ఇంకో పిల్లి గిన్నెలో మూతి పెట్టిందా, లెక్క మళ్ళీ మొదటికే. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. సాధారణంగా ఈ సిండ్రోమ్ చిన్న వయసు పిల్లుల్లో మొదలవుతుంది. పదేళ్ళు దాటిన పిల్లిలో మొదటిసారి కనిపిస్తే నేనైతే థైరాయిడ్, బీపీ, కీళ్ళనొప్పులే ముందు చూపిస్తాను.

చర్మం డాక్టరు, నరాల డాక్టరు, ప్రవర్తన చూసేవాళ్ళు కలిసి చూడాలని 2019లో 7 పిల్లుల కేసులతో వచ్చిన ఓ పరిశోధన వ్యాసం కూడా ప్రతిపాదించింది. ముగ్గురికీ పనికొచ్చేది మాత్రం మీ ఫోన్‌లో వీడియో. ఆసుపత్రి బల్ల మీద పిల్లి రాయిలా బిగుసుకుపోతుంది, ఏమీ చూపించదు. మీరేమో "అదోలా చేస్తుందండీ" అంటారు. ముందు ఏం చేస్తుంది, జరుగుతుండగా పేరు పెట్టి పిలిస్తే చెవి తిప్పిందా, అయ్యాక తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఈ మూడూ పడేలా తీయండి. మూర్ఛ అనుమానానికి అవే ఆధారం. వీడియో కోసం వీపు గోకి రెచ్చగొట్టకండి.

మా పిల్లి సంగతా? మూడోసారి దువ్వినప్పుడు టిష్యూ ఎర్రబడింది. పేల మందు మొదలెట్టిన రెండు నెలలకి చాలావరకు తగ్గింది, పూర్తిగా కాదు. ఇంటికి చుట్టాలొచ్చిన రోజు సాయంత్రం ఇప్పటికీ ఓసారి వీపు అలలాడుతుంది, నేను ఫోన్ తీస్తాను.