బూట్ రిపేర్ రివ్యూ: విండోస్ మళ్లీ వేశాక ఉబుంటు కనిపించకపోతే

ఉబుంటు, విండోస్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ కొత్తగా ఎక్కించాక, ఉబుంటూనా విండోసా అని అడిగే నల్ల స్క్రీన్ రాకుండా సిస్టమ్ నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతుంది. విశాఖ ద్వారకానగర్‌లో ఏ రిపేరు కౌంటర్‌కి తీసుకెళ్లినా "రెండూ ఫార్మాట్ కొట్టి మళ్లీ వేద్దాం" అనే అవకాశం ఉంది. ఒప్పుకోకండి. పార్టిషన్లు (డిస్కు భాగాలు) చెరిపేసి ఉంటే తప్ప ఉబుంటు ఎక్కడికీ పోలేదు. దాని బూట్ ఫైళ్లు ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్ల కోసం ఉండే చిన్న భాగం), ఉబుంటు ఫోల్డర్‌లోనే ఉంటాయి. విండోస్ సెటప్ మామూలుగా చేసేదల్లా మదర్‌బోర్డు బూట్ వరసలో తన పేరు పైకి తెచ్చుకోవడమే.

అందుకే ఏ టూలూ తెరవకముందు బూట్ మెనూ కీ నొక్కి చూడండి. చాలా డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అక్కడ ఉబుంటు పేరు ఉండి, ఎంచుకుంటే తెరుచుకుంటోందా? బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల స్క్రీన్) దాన్ని మొదటి వరసకు జరపండి, పని అయిపోయినట్టే. పేరే లేకపోతే అప్పుడు బూట్ రిపేర్. ఇది పోయిన ఉబుంటు బూట్‌ను సరిచేసే ఉచిత టూల్.

8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే విండోస్ టూల్‌తో ఉబుంటు ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) రాయండి, పార్టిషన్ స్కీమ్ జీపీటీ. విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ వరస మారగానే అడగొచ్చు. పెన్‌డ్రైవ్‌ను బూట్ మెనూలో యూఈఎఫ్‌ఐ అని ఉన్న వరుస నుంచే ఎంచుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: లెగసీలో, అంటే పాత బయాస్ పద్ధతిలో బూట్ చేస్తే రిపేరు కూడా అదే పద్ధతిలో జరిగి, గ్రబ్ (ఏ ఓఎస్ కావాలో అడిగే ఉబుంటు బూట్‌లోడర్) వేరే చోట పడుతుంది.

"ట్రై ఉబుంటు"లోకి వెళ్లి, ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌తో కలపండి. టెర్మినల్‌లో యాన్‌ఉబుంటు పేరున్న పీపీఏని (ఉబుంటుకు అదనపు సాఫ్ట్‌వేర్ ఇచ్చే చోటు) జోడించి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, బూట్-రిపేర్ ఇన్‌స్టాల్ చేయాలి. తెరుచుకున్న విండోలో రెండు పెద్ద బటన్లు ఉంటాయి. ముందు బూట్‌ఇన్ఫో సమ్మరీ నొక్కండి. అది డిస్కులో ఏదీ మార్చకుండా, ఏ పార్టిషన్‌లో ఏ బూట్‌లోడర్ ఉందో పూర్తి రిపోర్టు ఇస్తుంది. ఈ టూల్‌లో మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అది చూశాకే రికమెండెడ్ రిపేర్.

నచ్చనిదీ ఉంది. ఒక్క ఎంట్రీ చేర్చితే సరిపోయే చోట కూడా కొన్నిసార్లు గ్రబ్‌ని మొత్తం పీకేసి, నెట్ నుంచి దించి మళ్లీ వేస్తుంది. మధ్యలో కమాండ్లు కాపీ చేసి టెర్మినల్‌లో వేయమంటుంది. అప్పుడు టెథరింగ్ తెగినా, కరెంటు పోయి బ్యాటరీ అయిపోయినా గ్రబ్ లేకుండానే మిగులుతారు. ఛార్జర్ తీయొద్దు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో విండోస్ ఈఎఫ్‌ఐ ఫైళ్ల పేర్లు మార్చేది ఒకటుంది, దాని జోలికి వెళ్లొద్దు. విండోస్ అప్‌డేట్ ఆ ఫైలును మళ్లీ రాసుకుంటే కథ మొదటికొస్తుంది.

రిపేర్ అయ్యాక గ్రబ్ వచ్చి, అందులో విండోస్ లేకపోతే కంగారు అక్కర్లేదు. గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో డిసేబుల్ ఓఎస్ ప్రోబర్ వరుసను ఫాల్స్ చేసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఉబుంటుకు డిస్కే కనిపించకపోతే బయాస్‌లో డిస్కు మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అని ఉందేమో చూడాలి. దాన్ని నేరుగా మామూలు ఏహెచ్‌సీఐ మోడ్‌కి మారిస్తే విండోస్ నీలం తెర చూపిస్తుంది. ముందు విండోస్‌లో సేఫ్ మోడ్ పెట్టి, ఆ తర్వాత మార్చండి.

విండోస్ సొంత బూట్ ఫైళ్లు చెడిపోతే బూట్ రిపేర్‌ని నమ్ముకోవద్దు. దానికి విండోస్ పెన్‌డ్రైవే కావాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్‌తో ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి ఎస్ అనే అక్షరం ఇచ్చి, విండోస్ బూట్ ఫైళ్లను మళ్లీ రాసే బీసీడీబూట్ నడపండి. బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అనే కమాండ్ తరచూ "యాక్సెస్ డినైడ్" అని ఆగిపోతుంది, దాని మీద గంటలు పోగొట్టుకోవద్దు. విండోస్ నీలం బూట్ మెనూలో ఒకే విండోస్ రెండుసార్లు కనిపిస్తోందంటే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్ తెరిచి, కరెంట్ ఓఎస్ అని లేని పాతదాన్ని తీసేస్తే చాలు.

ఇవేవీ కుదరక కౌంటర్‌కే ఇవ్వాల్సి వస్తే, రసీదు మీద "ఈఎఫ్‌ఐ పార్టిషన్, ఉబుంటు పార్టిషన్ చెరపకూడదు" అని రాయించుకుని ల్యాప్‌టాప్ ఇవ్వండి.